తోరిల్ ఇంజన్ పనికి ఆగిన వాన

తోరిల్ వ్యాను కింద దూరిందంటే చాలు, ఇరుగుపొరుగువాళ్ళంతా తడిబట్టల బుట్టలతో ఆమె పెరట్లోకి పరుగెత్తుకొచ్చేవారు. నార్వేలో బెర్గెన్ దగ్గరి ఆ ఊళ్ళో వాన లేని వారం ఉండదు. తోరిల్‌కి షెడ్డు లేదు. అందుకని ఆమె ఇంజన్ పని అయ్యేదాకా వాన ఇంటికప్పు ఎత్తున గాల్లోనే నిలబడి ఉండేది.

ఆ ఆదివారం ఇంజన్ అడుగున ఆయిల్ పాన్ కారుతుంటే విప్పి, పాత సీలెంట్ జిగురు గీకి, అంచులు తుడిచింది. పక్కింటి ఐవిన్ కిటికీలోంచి చూస్తున్నాడు. ఇంటి వెనక కొండవాలు బాగా నానింది, ఖాళీ చెయ్యమని మున్సిపాలిటీవాళ్ళు చెప్పినా కదల్లేదు. భార్య పోయాక గడప దాటడమే తక్కువ.

"పెద్దాయనా, ఈ పాన్ ఒక్కదాన్నే ఎత్తలేను. ఓ చెయ్యి వేస్తావా?"

"నన్ను బయటికి లాగే ఎత్తు కాదుగా?"

"ఎత్తే. కానీ పాన్ బరువు నిజమే!"

గొణుక్కుంటూ వచ్చాడు. తోరిల్ పాన్ అంచు పొడవునా సన్నటి దారంలా, తెగకుండా సీలెంట్ పూస్తోంది.

"ఇంకాస్త దట్టించమ్మాయ్. ఏమిటా పిసినారితనం?"

"ఎక్కువైతే లోపలికి ఉబికి ఆయిల్ దారికి అడ్డం పడుతుంది."

ఇద్దరూ పాన్ ఎత్తి, బోల్టుల్ని వేళ్ళతోనే తిప్పారు. "కాస్త గట్టిపడ్డాక రెంచీతో బిగిద్దాం. అందాకా కూచో," అని తోరిల్ గళ్ళగళ్ళ అట్లలాంటి వేడి వాఫిళ్ళు తెచ్చింది. తింటూ తింటూ ఐవిన్ చాన్నాళ్ళకి భార్య పేరెత్తాడు. ఆవిడ వాఫిళ్ళు ఎప్పుడూ మాడ్చేదట.

అంతలో కొండ గట్టిగా మూలిగింది. పెరట్లో బట్టలారేస్తున్న వాళ్ళంతా చూస్తుండగానే ఐవిన్ ఇల్లు బురదతో కలిసి కిందున్న సముద్రంలోకి జారిపోయింది. బురద తోరిల్ కంచె దగ్గర ఆగింది.

"రోజూ ఈ వేళకి... సోఫాలో కునుకు తీస్తుంటాను," అన్నాడు. తోరిల్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ రాత్రి అందరూ స్కూలు హాల్లో పడుకున్నారు. సీలెంట్ పూర్తిగా ఆరేదాకా వాన కిందికి దిగలేదు. కొండ మళ్ళీ కదల్లేదు. మర్నాడు తోరిల్ కొత్త ఆయిల్ పోసి బండి తీసింది. చుక్క కారలేదు. ఐవిన్‌ని వాళ్ళ చెల్లెలింటికి తీసుకెళ్తుంటే వాన మొదలైంది.

"కట్టుబట్టలతో మిగిలానమ్మాయ్," అన్నాడు ఐవిన్.

అద్దం దించి, చెయ్యి చాపి చినుకులు పట్టాడు.

"మిగిలాను," అన్నాడు మళ్ళీ, ఆ మాట అప్పుడే కొత్తగా విన్నట్టు.