బాగున్న ఇంజను

సొంత బావమరిదే పెద్దకెప్టెన్ పొట్ట కొట్టాడు. ఇందులో వాదనకు తావు లేదు.

కంపెనీలో ఏ పైలట్‌కైనా సిమ్యులేటర్ పరీక్ష తప్పదు. ఇనుపకాళ్ళ మీద ఊగే ఒక డబ్బాలో కూర్చోబెట్టి, లేని విమానానికి లేని రోగాలు తెప్పిస్తారు. పాసైతే ఎగరొచ్చు, లేకపోతే ఇంట్లో కూర్చోవచ్చు. భార్య పోయాక పెద్దకెప్టెన్‌కి ఇల్లంటే నాలుగు గోడలు, ఒక కుక్కరు. కనుక పాసవ్వాలి. రోగాలు తెప్పించే కుర్చీలో మాత్రం ఆవిడ తమ్ముడు కూర్చున్నాడు. అతన్ని ఆ కుర్చీకి సిఫారసు చేసిన మహానుభావుడు పెద్దకెప్టెనే.

పక్కసీటులో కోపైలట్. అతన్ని అందరూ ‘సరేసార్’ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాలిచ్చేవాళ్ళకే తెలుసు.

నేల విడిచీ విడవగానే ఎడమ ఇంజను చచ్చింది. విమానం పక్కకు ఒరిగింది. పెద్దకెప్టెన్ కాలికింది రడ్డరు పెడలు తొక్కి దాన్ని నిబ్బరంగా నిలబెట్టాడు. ఇక చచ్చిన ఇంజనుకు ఇంధనం కట్టెయ్యాలి. అదే నిబ్బరంతో ఆయన కుడి ఇంజను లీవరు మీద చెయ్యి వేశాడు. లాగేముందు పక్కవాడు కళ్ళారా చూసి ఔననాలి, అది పద్ధతి.

“ఇదేగా?”

“సరే సార్.”

లాగాడు. బాగున్న ఇంజనూ పోయింది, దాంతోపాటు కరెంటూ పోయింది. తెరలన్నీ ఆరిపోయి, బ్యాటరీ మీద ఒక్క తెర మిగిలింది. దాన్ని చూసుకుంటూ ఇంజను మళ్ళీ రగిలించుకోవచ్చు. పెద్దకెప్టెన్ ఆ వెలుతురులో కోపైలట్‌ని తిట్టాడు. తిట్లు పూర్తికాకముందే నేల వచ్చింది.

“అందరం పోయాం బావా,” అన్నాడు వెనకనుంచి బావమరిది, తాపీగా.

పక్కగదిలో కూర్చున్నాక అతను అడిగింది ఒక్కటే: లీవరు లాగిన చెయ్యి ఎవరిది? నాదే, పొరపాటైంది అంటే ఇంకోసారి ఎక్కిస్తానన్నాడు. పెద్దకెప్టెన్ అంత తేలిగ్గా దొరికే మనిషా? కోపైలట్ వైపు వేలు చూపించి, తప్పంతా వాడిదేనన్నాడు.

“సరే సార్,” అన్నాడు కోపైలట్.

బావమరిది కాగితం మీద ‘ఫెయిల్’ అని రాసి సంతకం పెట్టాడు.

“నిన్ను కాదనే మనిషి మా అక్క ఒక్కతే ఉండేది బావా. ఆవిడా పోయింది. జనాన్ని ఎక్కించి నిన్ను పైకి పంపలేను.”

పెద్దకెప్టెన్ టోపీ పెట్టుకున్నాడు. సరేసార్ లేచి తలుపు తీసి పట్టుకున్నాడు.

“ఈ పరీక్ష సంగతి ఇక నా నోట రాదు,” అన్నాడు పెద్దకెప్టెన్ బావమరిదితో. “నువ్వొచ్చి అడిగినా రాదు.”