వడకట్టిన జొపరా

మా జెరుతీకి ఆరేళ్ళు. దాని నోట్లోకి వెళ్ళేవి నాలుగే నాలుగు. మ్బెజు, పాలు పోసిన కొసిదో అనే ఆకు టీ, నేను వలిచి ఇచ్చిన విరగని అరటిపండు, పెరట్లో పంపు నీళ్ళు. నీళ్ళు కూడా లెక్కలోకేనా అని నవ్వకండి. అది నీళ్ళు మానేసిన రోజున మీరు మా ఇంట్లో లేరు.

మ్బెజు అయినా ఎలా పడితే అలా కుదరదు. కర్రపెండలం పిండి, చీజు, కొవ్వు వేళ్ళతో పొడిపొడిగా కలిపి, నల్ల పెనం మీద అరచేత్తో ఒత్తి, రెండు వైపులా కాల్చి గుండ్రంగా దించాలి. అంచు విరిగితే అది మ్బెజు కాదు. నల్ల మచ్చ పడితే కాదు. పళ్ళెం మారినా కాదు. అన్నీ సరిగ్గా ఉన్నా వెంటనే తినదు. నా మొహంలోకి చూసి "మ్బెజు?" అని అడుగుతుంది. నేను "మ్బెజు" అనాలి. అప్పుడు తింటుంది. ఆ పిల్లకి వచ్చిన మాటలు అన్నీ కలిపితే ఇరవై ఉండవు. అందులో ఒకటి పూటపూటా నన్ను అడగడానికే వాడేది.

ఆటిజం అని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. మా ఊరు పిరాయూలో మాత్రం ఇప్పటికీ దాన్ని గారాబం అనే అంటారు. "రెండు రోజులు మాడిస్తే అన్నీ అదే తింటుంది" అని సలహా చెప్పని మనిషి మా వీధిలో లేడు. ఎక్కడో దూరాన చాకోలో పశువుల మందల దగ్గర పనిచేసే నా మొగుడు ఎలిహియో కూడా ఫోనులో అదే పాట. మాడిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నాలుగేళ్ళప్పుడు జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మూడు రోజులు ఏమీ ముట్టలేదు. పట్నం ఆసుపత్రిలో నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుంటే ముక్కులోంచి గొట్టం వేశారు. ఆ తర్వాత రెండు నెలలు ఎవరినీ మొహం దగ్గరికి రానివ్వలేదు. అంతకు ముందు తినే సేమ్యా, పెరుగు ఆ గొట్టంతోనే పోయాయి, మళ్ళీ తిరిగి రాలేదు. అందుకే ఆసుపత్రి అంటే నాకు భయం.

ఇక అక్టోబరు ఒకటి. ఆ రోజు మధ్యాహ్నం అక్టోబరు దొర చిరిగిన గడ్డి టోపీ పెట్టుకుని, కొరడా పట్టుకుని ఇంటింటికీ వచ్చి కుండలోకి తొంగి చూస్తాడు. కుండ నిండా జొపరా అనే చిక్కటి పులుసు ఉండి, ఇంట్లో వాళ్ళంతా తింటే దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. లేదంటే ఆకలీ కరువూ వెంటబెట్టుకుని ఏడాది చివరిదాకా ఆ ఇంట్లోనే తిష్ఠ వేస్తాడు. ఇవన్నీ నేను నమ్మను. నమ్మనని అనుకుంటూనే ఏటా కుండ నిండిందో లేదో రెండుసార్లు చూసుకుంటాను.

మా అత్తయ్య బ్లాసిదా మాత్రం పూర్తిగా నమ్ముతుంది. ఆ రోజు పొద్దున్నే మొక్కజొన్న, బొబ్బర్లు, గుమ్మడికాయ, ఎండు మాంసం కుండకెత్తి, పదకొండింటికల్లా ఇల్లంతా వాసన నింపేసింది. నేను జెరుతీకి మ్బెజు పిండి కలుపుతుంటే వచ్చి పక్కన నిలబడింది. ఆమె చేతిలో చిన్న గిన్నె ఉంది. గిన్నెలో గోధుమరంగు నీళ్ళు, అడుగున కొంచెం చిక్కగా ఉన్నాయి.

"ఏంటండీ అది?"

"జొపరా. పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టా. పొట్టు గానీ పలుకు గానీ లేదు. ఒక్క చెంచా ఆ పిండిలో పొయ్యి."

"అత్తయ్యా, దాని తిండి జోలికి రావద్దని మీకు ఎన్నిసార్లు చెప్పాను. చిన్న తేడా ఉన్నా పసిగడుతుంది."

"అదేమన్నా పోలీసు కుక్కా?"

"అంతకంటే ఎక్కువ."

ఆమె నవ్వలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, "పోయినేడు ఈ ఇంట్లో జొపరా తినంది అదొక్కటే. అప్పుడు పద్దెనిమిది కిలోలుండేది. మొన్న నర్సు తూస్తే ఎంతుంది?" అంది.

పదహారు. ఆ అంకె నాకు నిద్రలో కూడా గుర్తే. పొడుగు పెరిగింది కానీ బరువు తగ్గింది. వీపు రుద్దుతుంటే ఎముకలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి. ఆటిజం గురించి నేను చదివినవీ, విన్నవీ అన్నీ ఒక పక్కన పెట్టి, గడ్డి టోపీ వాడు నా కూతురి మంచం పక్కన కూర్చున్నట్టు ఊహించుకున్నాను. మనిషి భయంలో ఉంటే ఎవరి మాటైనా చెవికెక్కుతుంది.

"ఒక్క చెంచా కంటే ఎక్కువ వద్దు" అన్నాను.

ఆమె పోసింది. నేను కలిపాను. కాల్చాను. మచ్చ పడలేదు, అంచు విరగలేదు. వాసన చూశాను, నాకేమీ తెలియలేదు. పసుపు పళ్ళెంలో పెట్టి దాని ముందుంచాను.

జెరుతీ పళ్ళేన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మ్బెజు?"

"మ్బెజు" అన్నాను.

ఒక ముక్క కొరికింది. రెండుసార్లు నమిలి ఆగిపోయింది. ఏడవలేదు, పళ్ళెం విసిరెయ్యలేదు. నోరు అలాగే పట్టుకుని పెరట్లోకి నడిచి, బట్టల బండ దగ్గర వంగి, నోట్లో ఉన్నదంతా ఉమ్మేసింది. గౌను అంచుతో నాలుక తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. అలా ఎంతసేపు చేసిందంటే గౌను మీద రక్తపు చుక్క కనిపించింది. నేను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

సాయంత్రం కొత్త పిండితో, శుభ్రంగా, ఏమీ కలపకుండా మ్బెజు చేశాను. అది తల కూడా ఎత్తలేదు. కొసిదో ఇస్తే కప్పు నేల మీద పెట్టి దూరంగా తోసింది. అరటిపండు వలిచి చూపిస్తే గోడ వైపు తిరిగింది. పెరట్లో పంపు తిప్పుకుని దోసిలితో నీళ్ళు మాత్రం తాగింది. అది తాగే ఒక్కో గుక్కా నేను తలుపు చాటునుంచి లెక్కపెట్టుకున్నాను.

అత్తయ్య జొపరా కుండ దగ్గర కూర్చుని మూతి ముడుచుకుంది. "ఆకలైతే రేపు అదే తింటుంది" అంది కానీ గొంతులో బలం లేదు.

మర్నాడు పొద్దున కూడా తినలేదు. ఆరోగ్య కేంద్రంలో నర్సు ఒతిలియా దగ్గరికి పరిగెత్తాను. ఆమె కసురుకునే మనిషే గానీ, పిరాయూలో జెరుతీని మొండిపిల్ల అనని ఒకే ఒక్కరు. జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నీమియా, ఇలాంటి పిల్లలు ఆకలైనా తినరు. తెలిసి తెలిసి ఎందుకు చేశావమ్మా?"

"మా అత్తయ్య..."

"మీ అత్తయ్య సంగతి నేనడగలేదు."

ఆమె ఉప్పూ చక్కెరా కలిసిన పొడి పొట్లాలు రెండు చేతిలో పెట్టింది. "లీటరు నీళ్ళలో కలిపి, దానికి చూపించి, ఇష్టమైతేనే చెంచాతో పట్టు. వద్దంటే వదిలెయ్, మామూలు నీళ్ళు తాగనీ. ఏది ఏమైనా పన్నెండు గంటలు ఒంటికి పోకపోతే ఆలస్యం చెయ్యకుండా పట్నం తీసుకుపో. ఆ గొట్టం భయం పెట్టుకుని ఇంట్లో కూర్చోకు."

చూపించి పట్టమని ఎంత స్పష్టంగా చెప్పిందో నేను మీకు చెబుతున్నాను, ఎందుకంటే నేను ఆ పని చెయ్యలేదు. దారంతా ఒకటే ఆలోచన. చూపిస్తే వద్దంటుంది. వద్దంటే ఎండిపోతుంది. మా వైపు ఉత్తరపు గాలంటే వేడిగాలి, అది కొలిమిలా వీస్తోంది. ఇంటికి రాగానే దాని నీళ్ళ సీసాలో పంపు నీళ్ళు పట్టి, పొడి సగం పొట్లం మాత్రం వేసి, తెల్లగా కనిపించకుండా కరిగేదాకా ఊపాను. అత్తయ్య చూసింది. ఈసారి ఆమె వద్దంది.

"అమ్మాయ్, మళ్ళీనా? నిన్న నా మాట విని చేసింది చాలక..."

"నిన్న మీరు చేసింది మూఢనమ్మకం. ఇది మందు."

సీసా తీసుకెళ్ళి ఇచ్చాను. జెరుతీ పెదాలు అప్పటికే పొట్టు రేగి ఉన్నాయి. సీసా అందుకుని నా మొహంలోకి చూసింది. ఒక రోజు తర్వాత అది మళ్ళీ నన్ను చూసినందుకు సంతోషంతో నా కళ్ళు చెమ్మగిల్లాయి.

"నీళ్ళు?"

"నీళ్ళే తల్లీ."

ఒక గుక్క. అంతే. సీసా జారి నేల మీద దొర్లింది. ఆ పిల్ల నాలుక బయట పెట్టి, గాలికి ఆరబెడుతున్నట్టు అలాగే ఉంచుకుంది. ఆ తర్వాత సీసా కాదు, కప్పు కాదు, పెరట్లో పంపు దగ్గరికి కూడా వెళ్ళలేదు. నేను పంపు తిప్పి, నీళ్ళు చప్పుడు చేస్తూ పోనిచ్చాను. చెవులు మూసుకుని మంచం కిందికి దూరింది.

సాయంత్రం ఆరింటికి ఒకసారి ఒంటికి పోయింది. చాలా కొంచెం, ముదురు పసుపు. అక్కడినుంచి నేను గడియారాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది. దాని పక్క గుడ్డ తడిసిందేమోనని తడిమి చూశాను. జీవితంలో పిల్ల పక్క తడపాలని మొక్కుకున్న తల్లిని నేనొక్కదాన్నేనేమో. తెల్లారి ఆరింటికి గుడ్డ పొడిగానే ఉంది. జెరుతీ మంచం కిందే పడుకుని ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచింది కానీ తిప్పలేదు. బుగ్గ గిల్లితే ఏడుపు మొహం పెట్టింది. కన్నీళ్ళు రాలేదు.

ఎదురింటి ఫుల్హెన్సియోకి ఫోన్ చేశాను. ఆయనకి పాత పికప్పు బండి ఉంది. "అరగంటలో వచ్చేస్తా నీమియా, టైరులో గాలి కొట్టించాలి" అన్నాడు. ఆ గొట్టం, ఆ నలుగురు, ఆ అరుపులు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చాయి. అంతకంటే పెద్ద భయం ఒకటి ఇప్పుడు వాటి ముందు నిలబడింది. దాని పేరు నోటితో అనలేను. సంచిలో బట్టలు కుక్కుతూ, "ఇదంతా మీ వల్లే" అని అత్తయ్య మీద అరిచాను.

"చెంచా నాది, నిజమే. ఒప్పుకుంటా. కానీ ఆ పిల్ల నన్నేమీ అడగలేదు" అంది ఆమె మెల్లగా.

నేను సంచి కింద పెట్టాను. రెండు రోజులుగా నేను ఎవరెవరినో తిట్టుకుంటున్నాను. ఎలిహియోని, వీధిని, అక్టోబరు దొరని. పిల్ల అడిగింది నన్ను. రెండుసార్లూ నన్నే.

అత్తయ్య వంటింట్లోంచి గాజు గ్లాసు ఒకటి తెచ్చింది. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళతో మూలుగుతూ, మంచం కనబడేలా పెరటి గుమ్మంలో చతికిలబడింది. పక్కన బకెట్ పెట్టుకుంది. జెరుతీని పిలవలేదు, బతిమాలలేదు. గ్లాసు బోర్లించి చూపించింది. బకెట్ నీళ్ళతో కడిగి, మళ్ళీ బోర్లించింది. లేచి పంపు దగ్గరికి వెళ్ళి గ్లాసు నింపి, వెలుతురుకి ఎత్తి పట్టింది. సగం తాను తాగింది. మిగతాది మంచం వైపు కాకుండా గుమ్మం మీద పెట్టి, ఎడంగా జరిగి కూర్చుంది. కాసేపటికి ఆ నీళ్ళు పారబోసి, మొదటినుంచి మళ్ళీ అంతా చేసింది. కడగడం, బోర్లించడం, నింపడం, తాగడం. మూడోసారీ చేసింది. నాలుగోసారీ చేసింది. బయట ఫుల్హెన్సియో బండి వచ్చి ఆగింది. హారన్ కొట్టబోతే నేను కిటికీలోంచి చెయ్యి ఊపి ఆపాను.

ఐదోసారి గ్లాసు నిండుతుంటే మంచం కింద కదలిక వినిపించింది. జెరుతీ పాకుతూ వచ్చింది. నిలబడే ఓపిక లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చుని వీపుకి చెయ్యి ఆనించాను. కాదనలేదు. ఆ వీపు పెనంలా కాలుతోంది. అది గ్లాసులోకి చూసింది, అత్తయ్య తడి చేతుల్ని చూసింది. పగిలిన పెదాలు కదిలాయి.

"నీళ్ళు?"

అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను.

జెరుతీ నా వైపు తిరగకుండానే చెయ్యి ఎత్తి నా నోరు మూసింది. కోపంగా కాదు, గట్టిగా కాదు. తలుపు తెరిచి ఉంటే మూసినట్టు మూసింది. చూపు మాత్రం నానమ్మ మీదే ఉంది.

అత్తయ్య నన్ను చూసింది.

"నీళ్ళు" అంది.

పిల్ల ఒక చేత్తో గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి ఆగింది. మళ్ళీ తాగింది. గొంతులో చప్పుడవుతుండగా గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి నింపమని చాపింది. అత్తయ్య లేచి పంపు తిప్పింది. నా కళ్ళలోంచి నీళ్ళు కారి దాని వేళ్ళ మీద పడ్డాయి. రెండో గ్లాసు కూడా తాగింది. రెండో చెయ్యి మాత్రం నా నోటి మీదే ఉంచింది.