తెర మీది లెక్కల మాష్టారు

పెళ్లయిన కొత్తలోనే మా ఆయన పాఠాలు వీడియో తీసివ్వమని బడివాళ్లు అడిగారు. మా పడకగదే స్టూడియో అయింది. కిటికీకి కొత్త దుప్పటి కట్టి, పుస్తకాల దొంతర మీద ఫోను నిలబెట్టి, ఆయన కాలరు సర్ది, "ఇక కానివ్వండి" అనేదాన్ని. భిన్నాలు చెబుతున్న మనిషిని చూసి ఎవరైనా సిగ్గుపడతారా? నేను పడ్డాను.

పిల్లలు ఏ మెట్టు దగ్గర తడబడతారో ఆయనకు కంఠతా వచ్చు. "ఇక్కడ వెనక బెంచీవాడు కింది అంకెలు కూడా కలిపేస్తాడు" అంటూ ఆ తప్పు తానే చేసి, దిద్ది చూపించేవారు. తనకు తెలిసిన ఏ సందేహాన్నీ వదల్లేదు.

"అన్నీ ఇందులోనే చెప్పేస్తే క్లాసులో ఏం చేస్తారండీ, నిద్రపోతారా?"

"ఇది ఇంట్లో చూసుకొస్తే, క్లాసులో తమాషా లెక్కలు చేసుకోవచ్చోయ్. దీని అందమే అది."

వీడియోలు చూసి ప్రిన్సిపాల్ మేడమ్ పిలిపించారు. "ఎంత బాగున్నాయంటే మాష్టారూ, ఇక ఏ సెక్షన్‌లోనూ లెక్కలు చెప్పేవాళ్లు అక్కర్లేదు." మెచ్చుకోలనుకుని ఈయన థాంక్స్ చెప్పారట. ఆ తర్వాతి మాటతో గానీ అసలు సంగతి బోధపడలేదు. ఉద్యోగం ఉంటుంది, పాఠం చెప్పడం ఉండదు. పిల్లలు అల్లరి చేయకుండా చూస్తే చాలు.

"ఒప్పుకున్నారా?"

"పిల్లల మధ్యే ఉంటాను కదా. సందు చూసి ఓ మాట చెబుతాను."

పేపర్లు దిద్దే పని తప్పి సాయంత్రాలన్నీ నాకే మిగులుతాయని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆ సందు ఆయనకు దొరకలేదు. అన్ని గదుల్లోనూ పాఠం ఒకేసారి ఆఫీసు నుంచి నడుస్తుంది. ఆపే మీట గదిలో ఉండదు.

నిన్న ఓ పాప లేచి, తెర వైపు కాకుండా ఈయన వైపు తిరిగి అడిగిందట. "సార్, సగానికి సరిగ్గా పక్కనే ఉండే భిన్నం ఏది?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. వీడియోలోనూ లేదు. ఈయన సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి పరుగెత్తారు. ప్రొజెక్టర్ నుంచి పాఠం పడేది ఆ బోర్డు మీదే, తెర అంటే అదే. గీత గీయబోతే చేతి మీద తన మొహమే కదులుతోంది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ గోలకు సూపర్‌వైజర్ వచ్చాడు.

"కాస్త అడ్డం తప్పుకోండి సార్. పిల్లలకు మాష్టారు కనబడట్లేదు."

ఇదంతా షూ లేసులు విప్పుతూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పారు. నేను పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఎంత మంచి ప్రశ్నో తెలుసా? ఏ భిన్నం చెప్పినా, దానికీ సగానికీ మధ్య ఇంకోటి దూరుతుంది. దాని మీద వారమంతా చెప్పొచ్చు."

"మరి ఆ పాపకు ఏం చెప్పారు?"

రెండో లేసు ముడి పడింది. దాన్ని లాగుతూ, తల ఎత్తకుండానే అన్నారు.

"కూర్చోమన్నాను."