డ్రమ్ము జరగకుండా

ఆ తివాచీ ఉతుకుతుంటే నాకు భలే సరదాగా అనిపించింది. టబ్బులో దిగి కాళ్ళతో తొక్కేకొద్దీ నల్లటి నీళ్ళు. మా ఆయన బ్యాండు వాళ్ళు డ్రమ్ముల కింద పరుచుకునే తివాచీ అది. ఏళ్ళ తరబడి ఒలికిన టీ, నలిపిన సిగరెట్లు, చెమట. దాని అసలు రంగు ఆకుపచ్చ అని బయటపడగానే, కొత్త పెళ్ళికూతుర్ని కదా, పరిగెత్తుకెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చాను. ఆయన చూసి తల పట్టుకున్నాడు.

"నిన్నెవరు ఉతకమన్నారే? ఏ డ్రమ్ము ఎక్కడ పెట్టాలో దాని మీద టేపులంటించుకున్నాం!"

"పోనీలేరా, పని చేసే చేతులు, ఊరుకోవు" అన్నారు అత్తగారు వంటింట్లోంచే. అది మెచ్చుకోలో కాదో తేల్చుకోలేక నవ్వేశాను. అప్పట్లో నేను దేనికైనా నవ్వేదాన్ని.

సాయంత్రానికి తివాచీ ఆరలేదు.

ప్రోగ్రాం ఒక మూతబడ్డ బట్టల కొట్టు కింది గదిలో. కిటికీలు లేవు, చప్పుడు బయటికి పోకుండా గోడలకి పాత పరుపులు ఆనించారు. ఒక బ్యాండు దిగితే ఇంకోటి. గిటార్లు ఇనుమును రంపంతో కోస్తున్నట్టు మోగుతున్నాయి. నాకెంత సంబరమో! ఆయన తన చేత్తో నా చెవుల్లో దూది పెట్టి, ముక్కు గిల్లాడు. ఆ కాస్తకే గాల్లో తేలిపోయాను. పైగా ఆ రాత్రి నాకూ ఒక పాట ఉంది. ఒకసారి మా ఇంట్లో వాళ్ళు వాయించుకుంటుంటే ఎవరో వీధి తలుపు బాదారు. నలుగురు మగాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. "చేతులు తడిగా ఉన్నాయి, తలుపు మీరే తియ్యండి!" అని అంట్ల దగ్గర్నుంచి అరిచాను. ఆయన వాయించడం ఆపి, "అబ్బ, మళ్ళీ అను!" అన్నాడు. తలుపు మాత్రం నేనే తీశాను. ఆ మాటే పాటయింది. "స్టేజీ మీద నువ్వే అరవాలి, బంగారం" అని మాటిచ్చాడు. రోజూ కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున అరుపు సాధన చేశాను.

మా వాళ్ళ వంతు వచ్చింది. మొదటి దెబ్బకే నున్నటి నేల మీద పెద్ద డ్రమ్ము ముందుకు జారింది.

"వదినా, తివాచీ ఉంటే ఈ గొడవుండేది కాదుగా" అన్నాడు డ్రమ్ములు వాయించే అబ్బాయి.

మా ఆయన నన్ను చూశాడు. "ఒక్క పాటకి ఆ డ్రమ్ముకి వీపు ఆనించి కూర్చోవూ? అడ్డం పెట్టే ఇటుక కంటే నువ్వే ముద్దుగా ఉంటావు."

జనం నవ్వారు. నేనూ నవ్వాను. కూర్చున్నాను.

ఒక్క పాట కాస్తా రెండయింది, నాలుగయింది. ప్రతి దెబ్బా నా వెన్నులోంచి పళ్ళ దాకా వచ్చేది. ఎంత బాగుందో చెప్పలేను. అదే నా బాధ. ఒళ్ళంతా అరుపైపోయాక, మడమలు నేలకి తన్నిపెట్టి కదలకుండా కూర్చోవడం. కాళ్ళు తిమ్మిరెక్కాయి. నీళ్ళ సీసాలు, ఆయన చొక్కా, ఎవరిదో ఫోను, అన్నీ నా ఒళ్ళోకే చేరాయి. ఇంట్లోనూ నేను చేస్తున్నది ఇదేనేమో అనిపించింది. అక్కడ రోజూ ఇంత మోత ఉండదు కాబట్టి తెలియలేదు.

అప్పుడు నా పాట మొదలైంది. ఆశగా ఆయన వైపు చూశాను. అక్కడే ఉండమని అరచేత్తో సైగ చేసి, మైకు తన నోటి దగ్గర పెట్టుకున్నాడు. "చేతులు తడిగా ఉన్నాయి!" అని అరిచాడు. పెళ్ళయ్యాక ఒక్క గ్లాసు కడిగిన చేతులు కావవి. గదంతా గొంతు కలిపింది.

పాట అయిపోగానే "మళ్ళీ! మళ్ళీ!" అని కేకలు. ముందు నిలబడ్డ ఒకమ్మాయి వంగి, నా చెవిలో దూది లాగి మరీ అడిగింది.

"అక్కా, ఆ మాట ఎవరిది? అదిరిపోయింది!"

నా చెయ్యి అలవాటుగా ఆయన వైపు లేవబోయింది.

"గట్టిగా ఆనుకో" అన్నాడు ఆయన, మైకులోనే.

"నాది" అన్నాను ఆ అమ్మాయితో. ఒళ్ళో ఉన్నవన్నీ నేల మీద పెట్టి, తిమ్మిరి కాళ్ళతోనే లేచాను. వెనకాల డ్రమ్ము జారడం వినిపించింది. తిరిగి చూడకుండా ఆయన దగ్గరికి నడిచి, మైకు కోసం చెయ్యి చాపాను.