కుడికాలి బూటు

బూట్ల మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. తాను కుట్టిన జతకు ఎవరైనా వంక పెట్టారా, "బూటు బాగానే ఉంది, మీ కాలే వంకర" అని మొహం మీదే అనేస్తాడు. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా నోట్లో నాలుక లేనట్టు తిరుగుతున్నాడు. భార్య మళ్ళీ కుడికాలు ఈడుస్తోంది మరి.

ఆమెది మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే దారితప్పి, నరాల మీది పొరను కొరికేసే జబ్బు. తొడుగు ఊడిన కరెంటు తీగలా తయారవుతాయి నరాలు. కాలెత్తమని మెదడు చెబితే ఆ కబురు కాలిదాకా చేరదు. మొదట్లో ఇచ్చిన ఇంజెక్షన్లు కొన్నాళ్ళు పనిచేసి చేతులెత్తేశాయి. అప్పుడు డాక్టరమ్మ ఒక కొత్త మాత్ర సంగతి చెప్పింది. అది ఇంకా పరీక్షల్లోనే ఉంది. మెదడు లోపలికి వెళ్ళి అక్కడ రేగే కణాలను అణుస్తుందని ఆశ.

"పనిచేస్తే సంతోషం. జబ్బు ముదిరితే మాత్రం ఆపేస్తాం. ఆ తర్వాత ఇవ్వడానికి ప్రస్తుతం నా దగ్గర ఇంకేమీ లేదమ్మా" అని ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. సరేనంది ఆమె. మాత్రతోపాటు, ఆవిడ నేర్పిన కాలి వ్యాయామాలు రోజూ మంచం మీదే చెయ్యడం మొదలుపెట్టింది.

మాస్టారు ఊరుకుంటాడా? మందు డాక్టరుదైతే బూటు నాదన్నాడు. వేలాడిపోయే పాదం నేలకు రాసుకోకుండా బూటు అడుగున ముందు భాగం పైకి లేపాడు, మడమ వెనక గట్టి తోలుపట్టీ నిలబెట్టాడు. మంచం దిగితే చాలు, ఆ బూటు కాలికి ఉండాల్సిందే. మొదట్లో దాని పుణ్యమా అని ఆమె బాగానే నడిచింది. కొట్లో తన కుట్టుమిషను దగ్గరికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వచ్చి కూర్చునేది. ఆ తర్వాతే నడక చెడింది. చెడినప్పుడల్లా మాస్టారు పట్టీకి ఇంకో పొర అతికించాడు. ఆయన విద్యలో నడక కుదరకపోతే తోలు పెంచడమే వైద్యం.

ఆ ఉదయం ఆమె మిషను దగ్గర తూలి బల్ల పట్టుకుంది.

"మందు పనిచెయ్యట్లేదేమోనండీ."

"ఛ, నోటితో ఆ మాట అనకు. బూటు ఇలా ఇయ్యి, ఇంకాస్త బిగిస్తాను."

అప్పుడే కొట్లోకి వచ్చిన మరదలు అదంతా చూసింది. "బావా, అక్కని ఆసుపత్రికి మీరు తీసుకెళ్తారా, నన్ను తీసుకెళ్ళమంటారా?"

"వెళ్తే మాత్ర ఆపేస్తారు!" మాస్టారు అరిచాడు. "ఆపేస్తే ఇంకేం మిగిలిందే?"

"కళ్ళు మూసుకుంటే జబ్బు పోతుందా?" అంది భార్య. "పదండి, తేలేదేదో తేలిపోతుంది."

స్కానింగ్ అయింది. డాక్టరమ్మ తెర మీద బొమ్మలు తిప్పి తిప్పి చూస్తుంటే మాస్టారు ఆవిడ మొహంకేసే చూస్తూ నిలబడ్డాడు.

"మెదడులో కొత్త మచ్చ ఒక్కటీ లేదు, జబ్బు ముదరలేదు" అంది ఆవిడ.

"మరి ఆ కాలు?"

ఆవిడకీ అర్థం కాలేదు. మంచం మీద పడుకోబెట్టి, పాదాన్ని తన అరచేతికేసి తొయ్యమంది. ఆపైన పైకి లాగమంది. "బలం పెరిగిందే!" అంటూ లేపి నడవమంది. బూట్లు వేసుకుని ఆమె కుంటుకుంటూ నడిచింది.

"ఇప్పుడు బూట్లు విప్పేసి నడువమ్మా."

"అయ్యయ్యో, వద్దండీ! పడిపోతుంది!" మాస్టారు అడ్డం వెళ్ళబోయాడు. మరదలు ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగింది.

ఆమె వట్టికాళ్ళతో నేల మీద నిలబడింది. భయంభయంగా ఒక అడుగు వేసింది. పాదం లేచింది. ఇంకో అడుగు. గోడదాకా వెళ్ళి, గోడ ముట్టుకుని, తిరిగొచ్చింది. కాస్త తడబాటు ఉందంతే, ఈడ్పు లేదు.

డాక్టరమ్మ కుడికాలి బూటు చేతిలోకి తీసుకుని వంచబోయింది. అది వంగితేనా! "మాస్టారూ, ఇది బూటా, గుమ్మమా? వేలాడే కాలికి కుట్టారు, బాగుంది. మందు నరాల వాపును అణిచింది, వ్యాయామంతో కాలు కోలుకుంటోంది. కోలుకున్నకొద్దీ మీరు బిగిస్తూ పోయారు. కాలు లేస్తానంటుంటే బూటు లేవనివ్వట్లేదు."

"అంటే... నా బూటు పనికిమాలిందంటారా?"

"ఈ కాలికి పనికిరాదు."

"ఇంకోసారి చెప్పండి డాక్టరుగారూ."

"పనికిరాదండీ బాబూ!"

మాస్టారు కుర్చీలో కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. మరదలు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. జబ్బు పోలేదు, అణిగింది. ముందు ముందు ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమంది. మాత్ర మాత్రం మానొద్దంది. ఆ చివరి మాట దగ్గర మాస్టారి ప్రాణం లేచొచ్చింది.

బయటికొచ్చేసరికి భార్య వరండాలో చాలా ముందుకు వెళ్ళిపోయింది. చల్లటి నేల పాదాలకు ఎంత హాయిగా ఉందో చెల్లెలికి చెబుతూ, వెనక్కి చూడకుండా నడుస్తోంది. ఇన్నాళ్ళూ ఆమెకు తగ్గట్టు మెల్లగా నడిచి నడిచి మాస్టారి కాళ్ళు ఆ నడకకే అలవాటుపడిపోయాయి.

"కాస్త ఆగవే," ఆయన కేకేశాడు, "నేను అందుకోలేకపోతున్నాను!"