తిరిగొచ్చిన నెలసరి

లెక్కల టీచరు ఆ రోజు అందరికంటే ముందు లేచింది దుప్పటి ఉతకడానికి. ఎవరి కంటా పడకుండా మరక వదిలించి బాల్కనీ మూలన ఆరేస్తే సరిపోతుందనుకుంది. కానీ ఆ ఇంట్లో అత్తగారికి తెలియకుండా చీమ కూడా చక్కెర మోయలేదు. బకెట్లో ఎర్రనీళ్లు చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంకేం, తిట్లు తప్పవని కోడలు తల వంచుకుంది.

"మళ్ళీ వచ్చిందా అమ్మాయ్?" అంది అత్తగారు. ఆవిడ మొహం చేటంత అయింది.

నెలసరి ఆగిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది. ఆగినప్పుడు ఇంటికెవరొచ్చినా "మా వంశం ఇక్కడికి సరి" అని ముక్కు చీదిన మనిషి, ఇప్పుడు కోడలి చేతిలో బకెట్ లాక్కుని, పోయి పడుకో, కాఫీ నేను పెడతానంది. కాపురానికొచ్చాక ఇంకొకరు కలిపిచ్చిన కాఫీ తాగడం టీచరుకి అదే మొదలు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ కాఫీ ఎంత బాగుందో.

పిల్లల్లేని ఆడదాని పొద్దు ఊరుమ్మడి సొత్తు. స్కూల్లో ఎవరు సెలవు పెట్టినా వాళ్ల క్లాసు ఈవిడకే. మీకేముందండీ, పిల్లా జెల్లా ఉన్నారా పరిగెత్తడానికి అంటాడు హెడ్మాస్టరు, అదేదో మెచ్చుకోలు అన్నట్టు. ఇంటికొస్తే ఆడపడుచు పిల్లల ట్యూషను, అత్తగారి మోకాళ్లకి మర్దనా. ఊరికే కూర్చునేదానివేగా అంటాడు మొగుడు. పెళ్లయిన కొత్తలో పిల్లలు కావాలని నోరు తెరిచి అడిగింది ఆవిడే. ఇప్పుడే తొందరేముంది, ఇల్లు అమరనీ అన్నాడాయన. ఇల్లు అమరింది. చెల్లెలి పెళ్లి కానీ అన్నాడు. అదీ అయింది. తీరా ఆయనకి తొందర పుట్టేసరికి ఈవిడ ఒళ్లు మొరాయించింది. వాయిదాలన్నీ ఆయనవి, గొడ్రాలన్న పేరు మాత్రం ఈవిడది.

ఆ బకెట్ పూట నుంచీ ఇల్లు మారిపోయింది. మొగుడు సంచీ నిండా పళ్లు తెచ్చాడు. ఆడపడుచు తన పిల్లల్ని ఇంకో ట్యూషన్లో చేర్చింది. మంచం దిగనివ్వకుండా అత్తగారు పాలు అందించింది. టీచరుకి తెలియక కాదు. నెలకోసారి రావలసింది వారం తిరక్కుండా వస్తోంది. రంగు వేరు, వాసన వేరు. స్కూల్లో చివరి క్లాసులో కుర్చీలో కూర్చోవడానికి భయపడి బోర్డు దగ్గరే నిలబడిపోయేది. ఒకసారి ఉండబట్టలేక, డాక్టరుకి చూపించుకుంటానంది. మంచి జరుగుతుంటే డాక్టరెందుకు, నలుగురి నోళ్లలో పడి దిష్టి తగలడానికా అంది అత్తగారు. సరేనంది టీచరు. ఎవరికీ చెప్పకుండా ఒక పేరు కూడా అనుకుంది, ఆడపిల్లకి.

అలా నెలలు గడిచి, ఒక రోజు క్లాసులో పిల్లలు చూస్తుండగా బోర్డు ముందే పడిపోయాక స్కానింగులూ ముక్క పరీక్షలూ అయ్యాయి. రిపోర్టులు చూసిన డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. గర్భసంచి క్యాన్సరు. బయటికీ పాకింది. ఆపరేషన్ చేసి, తర్వాత మందులిచ్చి చూద్దాం అంది. ఎందుకొచ్చిందని టీచరు అడిగింది.

"ఒక్క కారణమని చెప్పలేమమ్మా. కడుపుతో ఉన్నన్నాళ్లూ గర్భసంచికి నెలనెలా పడే హార్మోన్ల ఒత్తిడి తప్పుతుంది. ఈ రోజుల్లో కానుపులు తగ్గాయి, అసలు కననివాళ్లూ ఉన్నారు. ఆ విరామం లేనివాళ్లలో ఇది కొంచెం ఎక్కువ. అలాగని కననివాళ్లందరికీ రాదు, కన్నవాళ్లకి రాదనీ లేదు. ఇందులో మీ తప్పేం లేదు."

మొగుడి చెవికి అందులో సగమే ఎక్కింది. "చూశావా, పిల్లల్ని కనమని మా అమ్మ మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉంది" అన్నాడు భార్యతో. టీచరుకి ఒళ్లు మండింది. ఆ మంట నోటిదాకా రాకుండానే ఆరిపోయింది. ఇప్పుడు ఎవరిని గెలిచి ఏం లాభం.

డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టింది. "ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా రావాలి కదా. ఇన్ని నెలలు ఎందుకు ఊరుకున్నారు?"

"మాతో చెప్పలేదండీ" అన్నాడు మొగుడు, గబుక్కున.

టీచరు ఆయన వైపు తిరిగి చూసింది. ఆయన రిపోర్టు కవరు మీది పేరు చదువుతున్నాడు.

"చెప్పానండీ" అంది డాక్టరమ్మతో. "ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను. మీ దగ్గరికొస్తే వచ్చినదాన్ని ఆపేస్తారేమోనని భయపడ్డాను."