క్రాసింగుకు ఒక మనిషి

మా ఆయన మద్దిలేటి, కొత్తకోట అవతల ఎక్కడో ట్రైనింగుకు పోయి నాలుగు తేనెటీగల పెట్టెలు తెచ్చాడు. వాటిని మా కాకర పందిరి పక్కన, కానుగ చెట్టు నీడలో స్టాండ్ల మీద నిలబెట్టాడు. చీమలు ఎక్కకుండా ఒక్కో స్టాండు కాలి కింద నీళ్ల గిన్నె పెట్టాలన్నాడు. ఒక్కో స్టాండుకు నాలుగు కాళ్లు. నా వంటింట్లో గిన్నెలన్నీ తోటకు పోయాయి. ఆ పూట చారు చెంబులో కాచాను.

కాచాను గానీ నోరెత్తలేదు. ఈగలు కావాలని అడిగింది నేనే.

మా మానవపాడు దిక్కు విత్తన పత్తి ఎక్కువ. అందులో ఈగ చేసే పని మనిషి చేయాలి. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు విప్పి లోపలి పుప్పొడి కాడలు గిల్లేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని మీద రాయాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. నాకు నాలుగో తరగతి మాన్పించి ఈ పని నేర్పించారు. అప్పటి నుంచి భాద్రపదం వచ్చిందంటే నా పొద్దులన్నీ పక్క చేను వాళ్లవే. ఆ చేను అప్పుడు పెద్దాయన చేసేవాడు, ఇప్పుడు ఆయన కొడుకు చంద్రశేఖర్ చేస్తున్నాడు. అక్కడ ముగించుకుని వచ్చి మా కాకర పువ్వులకు కూడా నేనే రాయాలి. మందుల దెబ్బకు ఊళ్లో ఈగలు మిగల్లేదు మరి. కాకర పువ్వేమో పొద్దున విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతుంది. నేను వచ్చేసరికి సగం పువ్వులు తలలు వేలాడేసేవి.

ఈ ఏడు చెప్పేశాను. "నేను క్రాసింగుకు పోను. కాకరకు ఈగలను తే. ఎట్ల బతకాల్నో దాని మీద బతుకుదం. నా పొద్దు నాకు గావాలె."

తెచ్చాడు. పెట్టెలతో పాటు జ్ఞానం కూడా తెచ్చాడు. "పెట్టెల పనంత ఆడ ఈగలదే. మగయి తిని కూసుంటయి" అన్నాడు, మంచం మీద కాళ్లు చాపుకుని.

"ఇది నేర్వనీకి కొత్తకోట దాక ఎందుకు పోయినవు?" అన్నాను.

పెట్టె తెరిచేటప్పుడు తెల్లబట్టలు వేసుకోవాలని అక్కడ చెప్పారట. ఈయన వాళ్ల తాత నల్ల గొంగడి కప్పుకున్నాడు. వానకు, చలికి, దయ్యానికి పనికొచ్చిన గొంగడి ఈగలకు పనికిరాదా అన్నాడు. ఈగలు దాన్ని ఎలుగుబంటి అనుకున్నాయో ఏమో, వచ్చి మీద పడ్డాయి. మర్నాడు మా ఆయన తెరుచుకున్న ఒక్క కన్నుతోనే ఊరంతా తిరిగి ఈగల పెంపకం గురించి చెప్పాడు. విన్నవాళ్లంతా అడిగింది ఒక్కటే, కాకర తోట తేనె చేదుంటదా అని.

కొన్నాళ్లకు పందిరి నిండా పిందెలు నిలిచాయి. నేను వేలు పెట్టని పువ్వుకు పిందె నిలవడం చూసి, నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

అంతలో ఒకరోజు పొద్దున పెట్టెల ముందు ఈగలు గుప్పెళ్లకొద్దీ చచ్చి పడి ఉన్నాయి. చంద్రశేఖర్ చేనులోంచి మందు వాసన వస్తోంది. చచ్చినవాటిని కొంగులో పోసుకుని గట్టు దాటాను. అక్కడ ఆడవాళ్లు సాళ్లలో క్రాసింగ్ చేస్తున్నారు. నాతో ఇన్నేళ్లూ పక్కసాలు పట్టిన కాంతమ్మ కూడా ఉంది.

"పొద్దుగాల మందు కొడితే ఈగలు సస్తయి, శేఖరూ" అన్నాను.

"నా చేను, నా మందు గదక్కా. గట్టు దాటొద్దని నీ ఈగలకు చెప్పు."

"చెప్పినం. ఇంటలేవు."

"సరే, పొద్దుగూకినంకనే కొడ్త. కాని నాకు కూలోళ్లు దొర్కుతలేరు. మీ ఇంటి మనిషి ఒకరు క్రాసింగుకు రావాలె. సీజన్ ఒడిసేదాక. కూలి అందరికిచ్చినట్టే ఇస్త."

ఆ మనిషి ఎవరో నాకు తెలుసు, సాళ్లలో ఉన్నవాళ్లకూ తెలుసు. నా చెయ్యి పడిన పువ్వు రాలదని పెద్దాయన కాలం నుంచి పేరు. కానీ పక్క చేను ఆడమనిషిని పేరు పెట్టి, ఈగలను చంపుతానని బెదిరించి కూలికి పిలిస్తే నలుగురిలో బాగుండదు. అందుకని మర్యాదగా "మీ ఇంటి మనిషి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఈగ పని మానుకుందామని నేను ఈగలను తెప్పించుకుంటే, ఆ ఈగలు బతకడానికి నేను మళ్లీ ఈగను కావాలట.

"కాంతమ్మా, ఇన్నవా?" అన్నాను. "మా ఇంటి మనిషొకరు వస్తే పొద్దుగూకినంకనే మందు కొడ్తడంట."

"ఇన్న" అంది కాంతమ్మ.

"మాటంటే మాటక్కా" అన్నాడు చంద్రశేఖర్, సంతోషంగా.

మర్నాడు తెల్లవారకముందే మా ఆయనను తట్టి లేపాను. "లే. క్రాసింగుకు పోవాలె."

"ఎవరు?"

"మన ఇంటి మనిషి."

ఆయన లేచి కూర్చున్నాడు. "మొగోళ్లు చేస్తరా ఆ పని?"

"పెట్టెలనైతే చెయ్యరు. ఈడ చేస్తరు" అని సద్దిగిన్నె చేతికిచ్చాను.

తర్వాత సంగతి కాంతమ్మ చెప్పింది. "కిష్టమ్మక్క రాలేదా?" అని అడిగాడట చంద్రశేఖర్. "నువ్వు మనిషన్నవంట, నేనొచ్చిన" అన్నాడట మా ఆయన. సాళ్లలో ఆడవాళ్లంతా తలలెత్తి చూశారట. ఇచ్చిన మాట అందరూ విన్నదే కాబట్టి చంద్రశేఖర్ నోరు మూసుకుని ఒక సాలు చూపించాడట. "మీ ఆయన ముట్టుకుంటే పువ్వే జడుసుకుంటున్నది" అంది కాంతమ్మ.

ఆ పొద్దు నేను కాకర పందిరి కింద కూర్చున్నాను. ఆ వేళకు చేతిలో పని లేకుండా కూర్చోవడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు. ఈగలు పువ్వు మీంచి పువ్వు మీదికి పోతున్నాయి. నా బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. ఆపినా ఆగలేదు.

మా ఆయన మధ్యాహ్నం వచ్చాడు. మంచం దాకా కూడా పోకుండా నా పక్కనే నేల మీద కూలబడ్డాడు. వేళ్లు పచ్చగా ఉన్నాయి. కడుక్కున్నా పోలేదు.

"నడుము ఇరిగింది. పోనీ, ఇయ్యాల్టికి ఒడిసింది" అన్నాడు.

"సాయంత్రం మొగ్గలు గిల్లుడుంది" అన్నాను.

ఆయన పెట్టెల వైపు చూశాడు. తర్వాత తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"ఇన్నేండ్లు ఎట్ల చేసినవే?" అన్నాడు.

దానికి నా దగ్గర దాచిపెట్టుకున్న జవాబులు చాలా ఉన్నాయి. నాలుగో తరగతి నుంచి దాచినవి.

"ఎవరన్న అడిగితే చెప్తుంటి" అన్నాను.

ఎండ తగ్గాక ఆయన నేను లేపకుండానే లేచి, గట్టు దాటి పోయాడు. నేను పందిరి కిందే కూర్చున్నాను.